న్యూరో రీహాబ్ ఫెలోషిప్: ఏడాదిలో ఏం నేర్పాలి, ఏం నేర్పకపోతే దండగ

పక్షవాతం వచ్చిన రెండో రోజో మూడో రోజో ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా శిక్షణ ఇచ్చే మనిషి) మంచం దగ్గరికి రాగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట: "చెయ్యి మళ్లీ వస్తుందా అండీ?" మన ఆసుపత్రుల్లో దీనికి ఎక్కువగా వినిపించే జవాబులు రెండే. ఒకటి "ఇప్పుడే చెప్పలేం, చూద్దాం". రెండోది "ఎక్సర్‌సైజులు చేస్తే తప్పకుండా వస్తుంది". రెండిట్లోనూ ఆ రోగి గురించి చెప్పింది ఏమీ లేదు.

చెప్పడానికి చాలానే ఉంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు 188 మంది రోగులను గమనించి ఒక సంగతి తేల్చారు. 72 గంటల లోపు భుజాన్ని కాస్త పక్కకి లేపగలిగి, వేళ్లను కాస్త చాచగలిగితే, ఆరు నెలలకి చేతిలో కొంతైనా పనితనం తిరిగొచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండు కదలికలూ లేకపోతే 25 శాతమే. తొమ్మిదో రోజుకి కూడా రాకపోతే అది 14 శాతానికి పడిపోతుంది.

ఈ అంకెలు బట్టీ పట్టడం తేలికే. పరీక్ష సరిగ్గా చెయ్యడం కష్టం. మణికట్టు కిందికి వాలితే వేళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. అది టెండన్లు లాగడం వల్ల వచ్చే కదలిక, కండరం పనిచెయ్యడం వల్ల వచ్చింది కాదు. మణికట్టును తిన్నగా పట్టుకుని చూడకపోతే లేని కదలికను ఉందని రాసేస్తాం. భుజం సంగతీ అంతే. రోగి నడుము పక్కకి వంచో, భుజాన్ని చెవి దాకా ఎగరేసో "లేపాను" అంటాడు. మందుల మత్తులో ఉన్నవాడు, మాట అర్థంకాని అఫేసియా ఉన్నవాడు కదలిక ఉండి కూడా చూపించడు. అందుకే అదే పరీక్ష ఐదో రోజు, తొమ్మిదో రోజు మళ్లీ చెయ్యాలి. అన్నీ అయ్యాక వచ్చిన జవాబును ఇంటివాళ్లకి ఏ మాటల్లో చెప్పాలో, చెప్పాక ఆ రోజు నుంచి చికిత్స ఏ దారిన మళ్లాలో తెలియాలి. ఆశ తక్కువగా ఉన్న చేతికి ముందు చూడాల్సింది భుజం నొప్పి రాకుండా, వేళ్లు ముడుచుకుపోకుండా కాపాడటం. ఒంటిచేత్తో పనులు నేర్పడం కూడా అప్పుడే మొదలుపెట్టాలి. ఆశ ఎక్కువగా ఉన్న చేతికి ఒంటిచేతి పనులు తొందరపడి నేర్పితే రోగి ఆ చేతిని వాడటమే మానేస్తాడు.

న్యూరో రీహాబ్‌లో, అంటే మెదడు, నరాలు దెబ్బతిన్నవాళ్ల పునరావాసంలో, ఆక్యుపేషనల్ థెరపిస్టులకి ఫెలోషిప్ పెట్టాలంటే అది ఇలాంటి నిర్ణయాలు నేర్పడానికే పెట్టాలని నా వాదన. ఎవరికి, ఎప్పుడు, ఎంత మోతాదులో, ఎప్పుడు ఆపాలి అనేవి తరగతి గదిలో అబ్బవు. అనుభవమున్న మనిషి పక్కన నిలబడి చూస్తూ, సరిదిద్దుతూ ఉంటేనే అబ్బుతాయి.

మన దేశంలో ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1950లో కమలా నింబ్కర్ ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల మొదలుపెట్టారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది, అదే ఏడాది ప్రపంచ సమాఖ్య వ్యవస్థాపక సభ్య దేశాల్లో మనమూ ఒకరం. అయినా జాతీయ స్థాయిలో వృత్తిని నియంత్రించే చట్టం 2021లో గానీ రాలేదు. ఇన్నేళ్లుగా నడిచిన బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) పద్ధతి నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆ ఆరు నెలల్లోనే పిల్లల విభాగం, ఆర్థో, చేతి గాయాలు, మానసిక ఆరోగ్యం, న్యూరో అన్నీ తిరగాలి. న్యూరో వాటా కొన్ని వారాలే. ఆపైన పీజీ చదువు ఎంఓటీ రెండేళ్లు ఉన్నా అందులో పెద్ద ముక్కను థీసిస్ మింగేస్తుంది. ఎంఓటీ మంచి చదువే. పరిశోధన ఎలా చదవాలో, ఎలా చెయ్యాలో అది నేర్పుతుంది. కానీ ఐసీయూ నుంచి ఇంటి గడప దాకా ఒకే రోగిని వెంబడించే అవకాశం అందులో అరుదు.

ఈ ఖాళీలోకి వారాంతపు వర్క్‌షాపులు వచ్చాయి. రెండు రోజులు, హోటల్ హాలు, ఆరోగ్యంగా ఉన్న తోటి థెరపిస్టు మీద ప్రాక్టీసు, చివర్లో సర్టిఫికెట్. ఏదో ఒక పద్ధతి పేరుతో వచ్చే ఈ కోర్సులకి వేలకి వేలు పోసేవాళ్ల మీద నాకు కోపం లేదు, నేర్చుకోవాలనే కదా వెళ్తున్నారు. కానీ తోటి థెరపిస్టు చేతిలో బిగుతు ఉండదు, ఒక పక్కనున్నవి గమనించలేని నెగ్లెక్ట్ ఉండదు, ఏడుపు ఉండదు. పేరున్న పద్ధతులన్నీ ఫలితం ఇస్తాయన్న హామీ కూడా లేదు. రోగి కదలికలను చేత్తో పట్టి సరిదిద్దే బోబాత్ పద్ధతినే తీసుకోండి. దశాబ్దాలుగా నేర్పుతున్నారు. 2009లో వచ్చిన క్రమబద్ధ సమీక్షలో అది మిగతా పద్ధతుల కన్నా మెరుగని తేలలేదు.

అమెరికాలో అక్కడి ఆక్యుపేషనల్ థెరపీ సంఘం ఆమోదించే ఫెలోషిప్‌ల నమూనా వేరు. దాదాపు ఏడాది పాటు ఒకే రంగంలో పని, ఒక మెంటర్, క్రమం తప్పని పర్యవేక్షణ, పక్కనే పాఠాలు, ఒక చిన్న ప్రాజెక్టు. ఫెలో అక్కడ రోగుల్ని చూసే ఉద్యోగే. ఆ నమూనాని ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. ఏడాది, ఒకే రంగం, కళ్లెదుట మెంటర్ అనే మూడింటిని మాత్రం వదులుకోవద్దంటున్నాను.

ఇక లోపల ఏముండాలి? నా లెక్కలో మొదటిది మోతాదు.

2009లో అమెరికా పరిశోధకురాలు కేథరీన్ లాంగ్ బృందం ఏడు చోట్ల 312 థెరపీ సెషన్లను కూర్చుని లెక్కపెట్టింది. చెయ్యి వాడే పనులు చేయించిన సెషన్లలో కూడా అవి సగటున 32 సార్లు మాత్రమే జరిగాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు వచ్చింది రోజుకి వందల సార్లు చేయించినప్పుడు. అదే బృందం తర్వాత ఒక గంటలో 300కి పైగా చేయించడం సాధ్యమేనని చూపించింది. అయితే ఎంత ఎక్కువైతే అంత మంచిదా? 2016లో, పక్షవాతం వచ్చి చాలా నెలలైన 85 మంది రోగులతో 3,200, 6,400, 9,600 సార్లు అని మోతాదులు మార్చి చూస్తే, మోతాదు పెరిగిన కొద్దీ ఫలితం పెరగలేదు. ఈ 2016 ఫలితం చదవని థెరపిస్టు రోగిని అనవసరంగా అలసిపోయేలా చేస్తాడు, 2009 లెక్క చదవనివాడు 32 దగ్గరే ఆగిపోతాడు. ఫెలోకి రెండూ తెలియాలి. తెలిశాక చేతిలో ట్యాలీ కౌంటర్ (నొక్కితే లెక్కపెట్టే పరికరం) పట్టుకోవాలి.

గంటలో 300 ఎలా? ఒక్కో సెషన్‌కి మూడు పనులు, ఒక్కోటి వంద సార్లు. గ్లాసు అందుకుని అరలో పెట్టడం, డబ్బా మూత తీయడం, చిల్లర నాణేలు ఏరడం లాంటివి. ప్రతి పనిలోనూ చెయ్యి చాచడం, పట్టుకోవడం, కదపడం, వదలడం నాలుగూ ఉండాలి. పని మరీ సులువైతే మార్పు రాదు, మరీ కష్టమైతే రోగి నడుముతో ముందుకి వంగి దొంగదారి పడతాడు. వెన్నుని కుర్చీ వీపుకి మెత్తటి బెల్టుతో ఆనిస్తే ఆ దొంగదారి మూసుకుపోతుంది. పదిలో ఎనిమిది సార్లు సరిగ్గా వచ్చేస్తుంటే గ్లాసును దూరం జరపాలి, బరువు పెంచాలి, లేదా అరను ఎత్తు చెయ్యాలి. భుజంలో నొప్పి మొదలైతే ఆ రోజుకి పని ఎత్తు తగ్గించాలి. ఇదంతా నిమిష నిమిషానికీ తీసుకునే నిర్ణయం. మెంటర్ పక్కన లేకుండా ఇది నేర్చుకున్నవాళ్లు తక్కువ.

మోతాదు తక్కువైతే ఏమవుతుందో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) పరిశోధనలు చెబుతాయి. 2014లో నెదర్లాండ్స్‌లో 191 మందితో చేసిన ట్రయల్‌లో, కొందరికి ఇంటికెళ్లి పది వారాలు ఆక్యుపేషనల్ థెరపీ ఇస్తే, తమకి ముఖ్యమైన పనుల్లో మెరుగు కనిపించిందని రోగులే చెప్పారు. 2016లో బ్రిటన్‌లో 762 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ రెండూ కలిపినా లాభం కనపడలేదు. అక్కడ ఒక్కొక్కరికి అందినవి మధ్యస్థంగా నాలుగు సెషన్లు. ఆ రెండో ట్రయల్‌ని చూపించి "థెరపీ దండగ" అనే డాక్టర్లకి మొదటిదాన్ని చూపించి జవాబు చెప్పగలగాలి. అదీ ఫెలోషిప్ పనే.

తొందరపాటుకీ మోతాదు లెక్క ఉంది. ఐదు దేశాల్లో 2,104 మందితో నడిచిన అవర్ట్ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే రోగిని పదేపదే, ఎక్కువసేపు మంచం దింపితే మంచి ఫలితం పొందినవాళ్లు 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. లేపొద్దని కాదు, మొదటి రోజు కొద్ది కొద్దిగా లేపాలని దాని అర్థం. స్ట్రోక్ యూనిట్‌లో రొటేషన్ చేసే ఫెలో బీపీ, స్పృహ, తల తిరగడం చూసి "ఈ రోజు మంచం అంచున పది నిమిషాలు చాలు" అని చార్టులో రాసే ధైర్యం తెచ్చుకోవాలి.

కన్‌స్ట్రెయింట్ ఇండ్యూస్డ్ థెరపీ గురించి వినని ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండరు. మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పని చేయించడం. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో 222 మంది, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్లు. మేలుకున్న సమయంలో 90 శాతం తొడుగు, రోజుకి ఆరు గంటల దాకా సాధన, రెండు వారాలు. మన దగ్గర చాలాచోట్ల జరిగేది మాత్రం తొడుగు వేసి పంపెయ్యడం. మణికట్టు కనీసం 10 నుంచి 20 డిగ్రీలు పైకి లేవనివాడికి, వేళ్లు అస్సలు చాచలేనివాడికి తొడుగు వేస్తే అతను చేతకానితనంతో కుంగిపోతాడు, మరేమీ జరగదు. ఇంకా పెద్ద లోపం, థెరపీ గదిలో వచ్చిన మెరుగును ఇంటికి చేర్చే భాగాన్ని వదిలెయ్యడం. రోగితో, ఇంటివాళ్లతో రాతపూర్వక ఒప్పందం, ఏ పనికి తొడుగు తియ్యొచ్చో జాబితా, రోజూ రాసే డైరీ, మర్నాడు "నిన్న తలుపు గడియ ఏ చేత్తో తీశారు?" అని అడగడం ఇందులో ఉంటాయి. ఈ భాగం లేకపోతే ఫలితం గదిలోనే ఉండిపోతుంది. నీళ్లు తగిలే పనులు, మెట్లు, వేడి వస్తువులు, కర్ర పట్టుకుని నడవడం వచ్చినప్పుడు తొడుగు తియ్యాలి. లేకపోతే పడిపోతారు. రోజుకి ఆరు గంటలు మన ఆసుపత్రుల్లో కుదరదు. రోజుకి గంటో రెండు గంటలో సాధన, ఎక్కువ వారాలు అనే సవరించిన పద్ధతి కుదురుతుంది. ఏది ఎవరికి అన్నది ఫెలో రాతలో కనపడాలి.

స్ప్లింట్ల దగ్గర నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. పక్షవాతం అనగానే రాత్రిపూట స్ప్లింట్ (చేతిని ఒక భంగిమలో నిలిపే పట్టీ) రాసేయడం మన దగ్గర అలవాటైపోయింది. 2007లో 63 మందికి నాలుగు వారాల పాటు రాత్రుళ్లు మణికట్టు స్ప్లింట్ వేసి చూశారు. వెయ్యనివాళ్లతో పోలిస్తే వేళ్ల బిగుతులో తేడా లేదు. పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష ప్రకారం నరాల జబ్బుల్లో సాగదీయడం వల్ల కీలు కదలికలో వచ్చే లాభం సుమారు 2 డిగ్రీలు, అంటే రోగికి తెలియనంత. మరి స్ప్లింట్లు ఎందుకు? చెయ్యి ముడుచుకుని అరచేయి కుళ్లుతున్నప్పుడు శుభ్రత కోసం, బొటనవేలిని ఒక పనికి అనువుగా నిలపడం కోసం, నొప్పికి, బిగిసిన కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ వేశాక వచ్చే వెసులుబాటుని పట్టుకోవడం కోసం. అంటే ప్రతి స్ప్లింట్‌కీ రాతలో ఒక కారణం, రెండు వారాల తర్వాత కొలవాల్సిన ఒక కొలత ఉండాలి.

బొటాక్స్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. దాని ప్రభావం కొద్ది రోజుల్లో మొదలై, రెండు నుంచి ఆరు వారాల మధ్య గట్టిగా ఉండి, సుమారు మూడు నెలలకి తగ్గిపోతుంది. వేల రూపాయల ఇంజెక్షన్ వేయించుకుని, థెరపీ అపాయింట్‌మెంట్ లేకుండా ఊరికి వెళ్లిపోయే రోగులు మన రాష్ట్రాల్లో కోకొల్లలు. ఇంజెక్షన్ తేదీ పడిన రోజే ఆ ఆరు వారాల థెరపీ తేదీలు కూడా పడేలా చూడటం ఫెలో బాధ్యత కావాలి.

స్ప్లింట్ తయారీ కూడా చేత్తో నేర్చుకోవాల్సిందే. వేడికి మెత్తబడే 3.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు, 65 నుంచి 75 డిగ్రీల నీళ్లు, ముంజేతి పొడవులో మూడింట రెండొంతులు, చుట్టుకొలతలో సగం. నీళ్లు మరీ వేడైతే షీటు సాగి పలచబడి, ఆరాక వంగిపోతుంది. మణికట్టు బయటి ఎముక బొడిపె దగ్గర చోటు వదలకపోతే పుండు పడుతుంది. ఆ బొడిపె మీద ముందే చిన్న ప్యాడ్ అంటించి దాని పైన షీటు మలిచి, తర్వాత ప్యాడ్‌ను షీటు లోపలికి మార్చాలి. తొడిగిన అరగంటకి తీసి చర్మం చూడాలి. ఎరుపు 20 నిమిషాల్లో పోకపోతే స్ప్లింట్ సరిచెయ్యాలి. స్పర్శ లేని చేతికి ఈ పరీక్ష ఎప్పటికీ దాటవెయ్యకూడదు.

సాగదీయడం నేరుగా హాని చేసే చోటు కూడా ఒకటుంది. వెన్నుపాము మెడ దగ్గర సీ6 స్థాయిలో దెబ్బతిన్న మనిషికి వేళ్లు కదలవు, మణికట్టు పైకి లేస్తుంది. మణికట్టు లేపినప్పుడు వేళ్లు వాటంతటవే ముడుచుకునే ఆ బిగుతే అతని పట్టు. దాంతోనే చెంచా, ఫోను, బ్రష్ పట్టుకుంటాడు. తెలియక ఎవరో మణికట్టునీ వేళ్లనీ ఒకేసారి వెనక్కి చాచి రోజూ సాగదీస్తే ఆ పట్టు జీవితాంతానికి పోతుంది. మణికట్టు పైకి ఉన్నప్పుడు వేళ్లు ముడిచి, మణికట్టు కిందికి ఉన్నప్పుడే వేళ్లు చాచి కదపాలి. ఇది నర్సుకి, వార్డు బాయ్‌కి, తల్లికి, మాలిష్ చేసేవాడికి అందరికీ చెప్పాలి. మంచం తల దగ్గర బొమ్మ గీసి అంటించాలి.

అదే వార్డులో ప్రాణం మీదికి తెచ్చే ఇంకో సంగతి ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే బీపీ హఠాత్తుగా పెరిగిపోయే స్థితి. వెన్నుపాము ఛాతీ దగ్గరి టీ6, దాని పై స్థాయిల్లో దెబ్బ తగిలినవాళ్లకి మామూలు బీపీయే (పై అంకె) 90, 100 దగ్గర ఉంటుంది. థెరపీ గదిలో హఠాత్తుగా తలపోటు, ముఖం ఎర్రబడటం, దెబ్బ పైభాగంలో చెమటలు పట్టి, బీపీ మామూలు కన్నా 20 నుంచి 40 పెరిగితే అది అత్యవసరం. 140 చూసి "మామూలే కదా" అనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయాలి, నడుము బెల్టు, యూరిన్ బ్యాగు పట్టీ, బిగుతు బట్టలు వదులు చెయ్యాలి. కేథటర్ (మూత్రం పోయే గొట్టం) ట్యూబు మడతపడిందేమో చూడాలి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. తర్వాత మలబద్ధకం, ఆ తర్వాత చర్మం. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ డాక్టరును పిలవాలి. దీన్ని కాగితం పరీక్షతో కాక స్టాప్‌వాచ్ పెట్టి చేయించి చూడనిదే ఏ ఫెలోనీ ఒంటరిగా ఆ వార్డులో వదలకూడదు.

భుజం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెయ్యకూడనివే ఎక్కువ. పక్షవాతపు చేతిని చంక కింద పట్టి లేపకూడదు. గోడకి కట్టిన పుల్లీతో చెయ్యి తలపైకి లాగించకూడదు. భుజం ఎముకల మధ్య సందు ఎన్ని వేళ్ల వెడల్పు ఉందో కొలిచి రాయాలి. వీపు రెక్క ఎముక కూడా కదులుతూ, చెయ్యి బయటికి తిరిగి ఉంటే తప్ప 90 డిగ్రీలు దాటించకూడదు. నూనె రాసి చెయ్యి తలపైకి మెలితిప్పే మాలిష్ ఇంటికెళ్లాక మొదలవుతుందని ముందే తెలుసుకుని, ఇంటివాళ్లకి డిశ్చార్జికి ముందే నచ్చజెప్పాలి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, మన ఇళ్లలో మనిషి నిజంగా చేసే పనులు. మనం వాడే కొలమానాలు వేరే ఇళ్ల కోసం తయారయ్యాయి. రోజువారీ పనులు ఎంత సొంతంగా చేస్తున్నారో కొలిచే బార్తెల్ సూచికలో, 18 అంశాల ఫిమ్‌లో "తినడం" అంటే చెంచా, ఫోర్కు చుట్టూ అల్లుకున్న ఊహ. అన్నం కలిపి తినడం వేరే పని. వేడి తెలియాలి, వేళ్ల కొసలతో పప్పు, అన్నం కలపాలి, నాలుగు వేళ్ల మీద ముద్ద నిలపాలి, ముంజెయ్యి తిప్పి నోటిదాకా తెచ్చి బొటనవేలితో లోపలికి నెట్టాలి. దీనికి శిక్షణ క్రమం ఉంది. ముందు ఇడ్లీ ముక్క, తర్వాత ఉప్మా, ఆ తర్వాత గట్టిగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, అన్నిటికన్నా చివర చారన్నం. పళ్లెం కింద తడి గుడ్డ పరిస్తే జారదు, అంచు ఎత్తున్న పళ్లెం అయితే మెతుకులు బయటపడవు. స్పర్శ పోయిన చేతికి వేడి అన్నం పెట్టే ముందు మంచి చేత్తో తాకి చూసుకోవడం అలవాటు చెయ్యాలి. కుడిచెయ్యి పడిపోయినవాళ్లను ఎడమచేత్తో తినమంటే చాలామంది పెద్దవాళ్లు ససేమిరా అంటారు, నలుగురిలో అయితే అసలు తినరు. దాన్ని మొండితనం కింద రాసేయకుండా, ఎడమచేతికి చెంచా ఇవ్వడమో, కుడిచేతికి కఫ్‌తో చెంచా కట్టడమో రోగితో కూర్చుని తేల్చుకోవాలి.

ఎడమ పక్క పడిపోయినవాళ్లకి కష్టం మరుగుదొడ్డిలో. కడుక్కోవడానికి అలవాటైన చెయ్యి అదే. హెల్త్ ఫాసెట్‌ను కుడిపక్కకి మార్చడం చిన్న పని, కానీ ఎవరూ చెప్పరు. ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే కమోడ్ స్టూలు కాళ్లకి రబ్బరు బుష్షులు లేకపోతే తడి నేల మీద జారుతుంది. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేసేవాళ్లు దాని వీపును గోడకి ఆనించాలి, బకెట్టును నేల మీద కాక మోకాలి ఎత్తు స్టూలు మీద మంచి చేతి పక్కన పెట్టాలి, మగ్గు సగమే నింపాలి. వంగి నిండు మగ్గు ఎత్తినప్పుడే ఎక్కువమంది పక్కకి ఒరిగిపోతారు. అద్దె ఇంట్లో గోడకి బార్ బిగించనివ్వకపోతే ఏం చెయ్యాలి? బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటూ, మనిషి పడితే తలుపుకే అడ్డంపడే ఇళ్లలో? ఇవి ఇంటికెళ్లి చూస్తేనే తెలిసే ప్రశ్నలు. అందుకే ఏడాదిలో కనీసం రెండు నెలలు ఇళ్లకి వెళ్లే పని ఉండాలంటాను. గడపలు, మెట్లు, వంటగట్టు ఎత్తు టేపు పెట్టి కొలిచి, బొమ్మ గీసి, ఖర్చు లెక్కేసి ఇవ్వాలి.

ఆలోచన, జ్ఞాపకం పరీక్షల్లోనూ ఇదే చిక్కు. మోకా (MoCA) అనే పరీక్షలో ఘనం బొమ్మ గీయమంటారు, అంకెల్నీ అక్షరాల్నీ కలపమంటారు. బడి ముఖం చూడని రైతు అందులో తక్కువ తెచ్చుకుంటే అది మెదడు దెబ్బా, చదువు లేకపోవడమా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్సు ఐదు భారతీయ భాషల్లో ఉంది, అందులో తెలుగు ఒకటి. దాన్ని వాడటం ఫెలోషిప్‌లో తప్పనిసరి చెయ్యాలి. కాగితంతో సరిపెట్టకుండా పని చేయించి చూడాలి. కాఫీ పెట్టమనండి. స్టవ్ వెలిగించి పాల గిన్నె మర్చిపోయాడా, ఎడమపక్కనున్న పంచదార డబ్బా కనపడలేదా, గ్యాస్ కట్టేశాడా? నెగ్లెక్ట్ ఉన్న రోగి నక్షత్రాలు కొట్టేసే కాగితం పరీక్షలో బాగానే చేసి, పళ్లెంలో ఎడమ సగం అన్నం వదిలేస్తాడు. దాన్ని పట్టుకోవడానికే పది అంశాల కేథరీన్ బెర్జెగో స్కేల్ ఉంది. రోగి తన గురించి చెప్పుకునే జవాబుకీ మనం చూసినదానికీ ఉన్న తేడా కూడా అందులో కొలవొచ్చు. తన లోపం తనకి తెలియని రోగిని ఇంట్లో ఒంటరిగా వదలకూడదని ఆ తేడాయే చెబుతుంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. జిల్లా ఆసుపత్రుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టే లేని రాష్ట్రాల్లో ఫెలోషిప్ ఎవరి కోసం? ఇంటివాళ్లకే నేర్పి పంపిస్తే సరిపోదా? సరిగ్గా ఈ ప్రశ్నకే అటెండ్ ట్రయల్ జరిగింది, అదీ మన దేశంలోనే, 14 ఆసుపత్రుల్లో, 1,250 మందితో. కుటుంబానికి శిక్షణ ఇచ్చి ఇంట్లో రీహాబ్ చేయించారు. 2017లో ఫలితం వచ్చింది: ఆరు నెలలకి మరణమో, ఇతరుల మీద ఆధారపడటమో రెండు గుంపుల్లోనూ 47 శాతమే. కుటుంబం అక్కర్లేదని దీని అర్థం కాదు. ఇచ్చిన తీరులో, ఇచ్చిన మోతాదులో అది ఒక్కటే సరిపోలేదు. ఇంటివాళ్లకి ఏ పని, ఎన్నిసార్లు, ఎలా పెంచాలో రాసిచ్చి వారం వారం సరిదిద్దే మనిషి కావాలి. జిల్లాకి ఒక్కరే ఉన్నా ఆ ఒక్కరు నిర్ణయాలు తెలిసినవారైతే మిగతావాళ్లకి నేర్పగలరు. ఫెలోషిప్ సీట్లలో కొన్ని జిల్లాల్లో పనిచేసేవాళ్లకే కేటాయించి, ముగిశాక ఫోనులో వారానికో గంట మెంటరింగ్ కొనసాగించాలని నేను అడుగుతున్నది ఇందుకే.

ఇంకో భయం కూడా నిజమే. ఫెలో పేరుతో తక్కువ జీతానికి పనిచేసే చెయ్యి దొరికిందని ఆసుపత్రి రోజుకి పదిహేను మంది రోగుల్ని అంటగడితే చదువు మాయమవుతుంది. రోజుకి ఆరేడుగురికి మించకూడదు, ఒక మెంటర్‌కి ఇద్దరు ఫెలోలకి మించకూడదు, వారానికి కనీసం మూడు గంటలు మెంటర్ గదిలో ఉండి చూడాలి. మార్కుల కోసం కాగితం పరీక్ష ఒకటి పెట్టుకోండి, కానీ అసలు పరీక్ష వేరే. చేతి కదలికను, పనితనాన్ని కొలిచే 66 మార్కుల ఫ్యూగల్ మేయర్, 57 మార్కుల ఆరాట్ (ARAT) లాంటి పరీక్షలను ఒకే రోగి మీద ఫెలో, మెంటర్ విడివిడిగా చేసి పోల్చుకోవాలి. తేడా ఎక్కువుంటే కూర్చుని వీడియో చూడాలి. రోగి ఎంచుకున్న పనుల్లో సీఓపీఎం (ఆ పనులకి రోగే మార్కులు వేసుకునే కొలమానం) మార్పు 2 పాయింట్లయినా వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదో ఫెలో రాసిన కారణం చదవాలి. రాని కేసుల గురించి రాసిన పేజీలే ఫెలో ఎంత ఎదిగాడో చూపిస్తాయి.

ఏదైనా ఫెలోషిప్‌లో చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మెంటర్ ఎవరు, ఆయన లేదా ఆమె ఇప్పటికీ రోజూ రోగుల్ని చూస్తున్నారా? స్ట్రోక్, వెన్నుపాము, తలగాయం మూడు వార్డులూ అక్కడ ఉన్నాయా, లేక పత్రంలో మాత్రమేనా? ఇళ్లకి వెళ్లడానికి వాహనం, సమయం ఇస్తారా? స్టైపెండ్ ఎంత, రోగుల పరిమితి రాతలో ఉందా? కిందటి ఏడాది ఫెలోతో మాట్లాడనిస్తారా? ఈ చివరి ప్రశ్నకి తటపటాయిస్తే ఆ డబ్బు దాచుకుని, మంచి మెంటర్ ఉన్న వార్డులో మామూలు ఉద్యోగం వెతుక్కోండి.